నిద్రను పేనినవాడు

కనకవాడ పట్టణంలో ఎవరూ కన్ను మూయక పదకొండు రోజులైంది.

మొదటి రెండు రోజులూ జనం సంబరపడ్డారు. పగలు తెమలని పనులన్నీ తెమిలాయి. మూడోనాటికి కళ్లల్లో ఇసుక పోసినట్లయింది. అయిదోనాడు కోట బురుజు మీది కాపలావాడు తన నీడనే చూసి దొంగ అనుకుని ఈటె విసిరాడు. అది కింద వంకాయలమ్ముకునే మనిషి బుట్టలో దిగబడింది. ఏడోనాడు మహీధర మహారాజు నిండు కొలువులో ఒకే ముద్దాయికి ఉదయం క్షమాభిక్ష పెట్టి, మధ్యాహ్నం ఉరి వేయమని, సాయంత్రం సేనాపతిని చేయమని ఆజ్ఞాపించాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

తొమ్మిదోనాటికి జనం ఊరకే తిరగసాగారు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, నడిస్తే ఎక్కడికో తెలిసేది కాదు. కమ్మరులు పనిలేని దాగలిమీద సుత్తులు కొడుతూనే ఉన్నారు. రేవులో ఉతికిన బట్టనే మళ్లీ ఉతుకుతున్నారు. ఇంటింటా తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం. ఊరు మొత్తం ఒకటే చప్పుడు, ఆగని చప్పుడు.

ఈ పాడుపని చేసింది ఒక బిచ్చగాడు. ఒకనాటి మిట్టమధ్యాహ్నం వచ్చి వీధివీధీ తిరిగాడు. బియ్యం వద్దన్నాడు, కూడు వద్దన్నాడు. "ఒక్క కునుకు వేయండి తల్లీ" అని అడిగాడు. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. మా ఇంట్లో అది కావలసినంత ఉంది, పట్టుకుపొమ్మన్నారు. అందరికంటే ముందు ఆ మాట అన్నది తాళ్లవీధిలో ఉండే మాచమ్మ. ఆమె మొగుడు, తాళ్లు పేనే ముమ్మడి, జనపనార కట్టల మధ్య పడి గురక పెడుతుంటే వాణ్ని చూపించి, మొత్తం పట్టుకుపో నాయనా అంది. బిచ్చగాడు మొత్తం పట్టుకుపోయాడు. వాడు కొండకవతల నల్లగవిని ఏలే మాంత్రికుడు ధూమకర్ణుడని తెలిసేసరికి ఊరికి ఊరే పిచ్చెక్కి ఉంది.

మాచమ్మకు అప్పటికే జ్వరం. నిద్ర లేని జ్వరం మనిషిని లోపల్నుంచి తోడేసింది. పన్నెండోనాటి తెల్లవారుజామున రాజవైద్యుడు ఆమె చెయ్యి పట్టి చూసి, ముమ్మడిని వాకిట్లోకి పిలిచాడు.

"ఇవాళ పొద్దు గుంకేలోగా ఈమెకు నిద్ర పట్టాలి" అన్నాడు. "పట్టకపోతే, ఆపైన పట్టవలసిన అవసరం ఉండదు."

దొంగిలించిన నిద్ర ఎక్కడుందో కూడా వైద్యుడే చెప్పాడు. ఊరికి ఉత్తరాన ముక్కొలనుల కొండ ఉంది. దానిమీద ఒకదానిపై ఒకటిగా మూడు కొలనులు. మూడో కొలనులో నిద్ర ఉంది. దాన్ని తెచ్చి కోటవాకిట్లో విప్పితే ఎవరి నిద్ర వాళ్లింటికి అదే నడిచిపోతుంది. అయితే ఆ కొండకు దారి సూర్యుడున్నంతసేపే. పొద్దు గుంకిందా, దారి రాతిలో కలిసిపోతుంది.

ముమ్మడి ఒక నారమోకూ, కాస్త పచ్చినారా నడుముకు చుట్టుకున్నాడు. తోడు ఇద్దరు బయలుదేరారు. ఒకడు కొమరన్న, రాణివాసపు పల్లకి మోసే బోయీ. భుజం మీద అరచేయంత కాయ కాసిన మనిషి. రెండోవాడు యువరాజు మణిధ్వజుడు. ముగ్గురూ ఒకే గరిడీలో సాము నేర్చారు. ఒళ్లంతా ఎర్రమట్టి పూసుకున్నాక ఎవడు యువరాజో ఎవడు బోయీయో తెలిసేది కాదు. స్నానం చేశాక తెలిసేది.

ధూమకర్ణుడి డేగలు రాచవాళ్లకోసం కొండమీద కాపు కాస్తున్నాయని విని యువరాజు మూలికలు తవ్వేవాడి వేషం వేశాడు. చిరిగిన అంగీ, వెదురుబుట్ట, గునపం. కత్తి బుట్ట అడుగున, ఆకుల కింద. వేషం కుదిరింది గాని నడక కుదరలేదు. మూలికలు తవ్వేవాడెవడూ ఎదుటివాళ్లే తప్పుకుంటారన్న ధీమాతో నడవడు. ఆ మాట కొమరన్న చెబితే యువరాజు కోప్పడ్డాడు. నిద్ర లేనివాళ్లకు కోపం చెమటకంటే ముందు పడుతుంది. గుర్రాలమీద కొండ మొదలుకు చేరేలోగా ముగ్గురూ రెండుసార్లు తిట్టుకున్నారు, ఒకసారి కొట్టుకోబోయారు. గుర్రాలను అక్కడ వేపచెట్టుకు కట్టి నడక మొదలుపెట్టారు.

దారి తిన్నగా ఉండదలచుకోలేదు. ఒకచోట మెట్లలా ఉండేది, ఒకచోట మేకకు కూడా కాలు దొరకనట్లుండేది. కొమరన్నకు పొదల వెనక తన చచ్చిపోయిన తండ్రి కనిపించాడు. యువరాజుకు ప్రతి రాయీ పడుకున్న సింహంలా కనిపించింది. కళ్లకు కనిపించేదాన్ని నమ్మొద్దనీ, తన వీపును చూసి నడవమనీ ముమ్మడి చెప్పాడు. అతనికి కూడా ఏవేవో కనిపిస్తున్నాయి. చెప్పలేదంతే.

ఒక జాము పొద్దెక్కేసరికి మొదటి కొలను చేరారు.

రెండు శిఖరాల ఒడిలో, ఆకాశం అంచు చింపి పరిచినట్లు పడి ఉంది ఆ కొలను. చుట్టూ చలువరాతి గట్టు. మనుషులు కట్టింది కాదు, కొండే చెక్కుకున్నది. గట్టంతా మంకెనలు విరగబూసి, ఎర్రటి నీడలు నీటిలో దీపాల్లా వెలుగుతున్నాయి. నీటిమీద ఒక్క ముడత లేదు. ఏది పువ్వో ఏది నీడో గాలికే తెలియక, ఆ నీటిని దాటేటప్పుడు ఊపిరి బిగబట్టి పోతున్నట్లుంది.

ముగ్గురూ వంగి చూశారు. నీటిలో వాళ్ల నీడలు వంగి చూడటం లేదు. అడుగున తెల్లని ఇసుకమీద పడుకుని నిద్రపోతున్నాయి.

"అదిగో, నేనే" అన్నాడు కొమరన్న. "నా గురక నాకు వినిపిస్తోంది."

అంటూనే నీళ్లలోకి నడిచాడు. అతని వెనక యువరాజు, బుట్టతో సహా. ముమ్మడి వాళ్లను ఆపాలనుకున్నాడు. అప్పటికే తన మోకాళ్లదాకా నీళ్లున్నాయి. అడుగున అతనూ పడుకుని ఉన్నాడు. పక్కన మాచమ్మ, చెయ్యి అతని ఛాతీమీద వేసి, పెదవి కదపకుండా, పసిబిడ్డలా నిశ్చింతగా నిద్రపోతోంది.

అక్కడ ముమ్మడి ఆగాడు. మాచమ్మ జన్మలో నోరు మూసుకుని నిద్రపోయింది లేదు. కళ్లు మూసిన దగ్గర్నుంచి గొణుగుడే. గడియ వేశావా, దూడను కట్టావా, నార తడవలేదు కదా, అంటూ నిద్రలోనూ సంసారం చేసేది. ఈ నోరు మూసుకున్న మనిషి ఎవరో గాని మాచమ్మ కాదు.

వెనక్కి ఒక్క గెంతు గెంతి నడుముకున్న తాడు లాగాడు. జారుముడి వేసి విసిరితే మొదట యువరాజు ఛాతీ చుట్టూ పడింది. లాగి గట్టున పడేసి, మళ్లీ విసిరాడు. అప్పటికి కొమరన్న జుట్టు మాత్రమే పైకి కనిపిస్తోంది. ముడి చంకకింద బిగిసింది. పల్లకి మోసే ఒళ్లు, ఊరికే వస్తుందా. యువరాజు కూడా వచ్చి తాడు పట్టాడు. ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగితే కొమరన్న చేపలా ఎగిరి గట్టున పడ్డాడు. కళ్లు తెరిచి ముమ్మడిని బండబూతులు తిట్టాడు. అంత మంచి నిద్ర చెడగొట్టినందుకు.

నీటిలో ముగ్గురి నీడలూ లేచి కూర్చుని వాళ్లవైపు చూస్తున్నాయి. ముగ్గురూ ఇక అటు చూడకుండా పరుగెత్తారు.

రెండో కొలను చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఈ కొలనులో నీటికంటే తుంగ ఎక్కువ. ఏనుగెత్తు తుంగ, కొసలు బంగారుకమ్మీల్లా మెరుస్తూ, గాలి లేకపోయినా ఊగుతూ. వెనక నిట్టనిలువు కొండగోడ. దానిపైన, ముప్ఫై నిలువుల ఎత్తున, మూడో కొలను. ఒడ్డున ఒక ముసలమ్మ కూర్చుని తుంగచాప అల్లుతోంది. అల్లిన చాప ఆమె వెనక వాగులా సాగి, మలుపులు తిరిగి, ఎక్కడో రాళ్లలో మాయమైంది.

ఆమె వాళ్లను కూర్చోబెట్టి ఉడికించిన దుంపలు, చల్లని నీళ్లు ఇచ్చింది. ఎవరు, ఎందుకొచ్చారని అడగలేదు. మూడో కొలనుకు దారి అడిగితే తుంగలో ఒక సందు చూపించింది. ముమ్మడి చెయ్యి కడుక్కుని లేచాడు.

"వెళ్లొస్తామవ్వా" అన్నాడు.

"మంచిది" అంది అవ్వ.

తుంగలోంచి బయటపడి, గోడ పక్కనున్న చీలికలో పట్టుకుని పాకి, రెండు గడియలసేపు ఎక్కారు. చీలిక చివర వెలుగు కనిపించింది. తల బయటపెడితే ఎదురుగా తుంగ. తుంగలో అవ్వ. చాప జానెడు పెరిగింది.

"వచ్చారా" అంది, తలెత్తకుండా.

దారి తప్పామనుకున్నారు. మళ్లీ చెప్పి బయలుదేరారు. ఈసారి కొమరన్న మలుపు మలుపుకూ అవ్వ పొయ్యిలోని బొగ్గుతో గుర్తు పెట్టాడు. మళ్లీ తుంగ. మళ్లీ అవ్వ. సూర్యుడు పడమటికి ఒరిగాడు. యువరాజు బుట్టలోంచి కత్తి దూసి, ఏం మాయ ఇది చెప్పమన్నాడు. అవ్వ కత్తిని చూసి ఆవులించబోయి, ఆవులింత రాక ఊరుకుంది.

"నా మాయేముంది. ఈ గట్టుమీద నిలబడి మనిషి అన్నది జరిగి తీరుతుంది. వెళ్లొస్తామన్నారు. వెళ్లారు, వచ్చారు."

"మర్యాదకు అంటాం గాని, మళ్లీ నీ మొహం చూడాలని ఎవడికుందవ్వా" అన్నాడు కొమరన్న.

"నాకేం తెలుసు. అన్నది మీరే."

అయితే చెప్పకుండానే వెళదామని తుంగలో దూరబోయారు. తుంగ గోడలా దగ్గరికొచ్చింది. యువరాజు కత్తితో నరికాడు. ఒకటి నరికితే రెండు లేచాయి. చేతులు నెత్తురు కారేదాకా నరికి, కత్తి విసిరేసి బండమీద కూలబడ్డాడు. చెప్పకుండా కదలడం ఇక్కడ కుదరదని అవ్వ అంది. కొమరన్నకు ఒళ్లు మండింది. పక్కూరి చుట్టాన్ని వదిలించుకునేటప్పుడు అన్నట్లు చెయ్యూపి, "సరేలే, ఉంటానవ్వా" అని ఒక అడుగు వేయబోయాడు.

అడుగు పడలేదు. పాదాలు బురదలో దిగాయి. తుంగవేళ్లు పాముల్లా లేచి పిక్కలు చుట్టేశాయి. ఉంటానన్నాడు, ఉన్నాడు. యువరాజు లాగితే కొమరన్న కేకపెట్టాడు. వేళ్లు ఎముకదాకా పట్టుకున్నాయి.

ముమ్మడి తలెత్తి పొద్దు చూశాడు. అవ్వముందు కూర్చుని చేతులు జోడించి, సెలవిప్పించమని అడిగాడు. ఇంటిదగ్గర మనిషి ప్రాణం పోతోందని చెప్పాడు.

"నా దగ్గరుంటేగా నీకివ్వడానికి" అంది ఆమె. "నాకే లేదు. మూడు వందల ఏళ్ల కిందట నీళ్లకొచ్చి, తోటిపిల్లలతో ఉంటానే అన్నాను. ఉన్నాను."

ఇక మిగిలింది ఒక్క మాట. కనకవాడలో గొడ్డు పోయిందంటారు, కాలం పోయిందంటారు, పక్కింటి ముసలాయన పోయాడంటారు. గడప దాటే మనిషి తన గురించి మాత్రం ఆ మాట అనడు. పొరపాటున అంటే ఆడవాళ్లు వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, సరైన మాట అనిపించి పంపుతారు. ముమ్మడి లేచి పంచె ఎగగట్టడం చూసి యువరాజుకు అర్థమైంది. వచ్చి భుజం పట్టుకున్నాడు. ఇంకో ఉపాయం ఆలోచిద్దామన్నాడు.

"మీరు ఆలోచించండి దొరా. నాకు పొద్దు లేదు." ముమ్మడి భుజం విడిపించుకున్నాడు. "ఈ గోడ కింద నిలబడండి. దొరికింది పైనుంచి దింపుతాను. ఎలాగైనా కోటవాకిలి చేర్చండి."

తర్వాత అవ్వవైపు తిరిగాడు.

"పోతున్నానవ్వా."

అవ్వ చేతిలో చాప ఆగింది. తుంగ పాపిట తీసినట్లు విడిపోయింది. ముమ్మడి వెనక్కి చూడకుండా ఎక్కాడు. చూడవలసిన పని లేకుండానే తెలిసింది. అతను కాలు తీసిన ప్రతి మెట్టూ చప్పుడు చేసుకుంటూ రాతిలోకి ముడుచుకుపోతోంది.

పైకి చేరేసరికి పొద్దు మూడు తాటిచెట్ల ఎత్తున ఉంది.

మూడో కొలనులో నీరు లేదు. కొండకొన మీద వెండిపళ్లెం పెట్టినట్లున్న గుంటనిండా పొగమంచు. పాలనురుగులా తెల్లగా, అక్కడక్కడ పావురాయి మెడరంగు తిరుగుతూ, మెల్లగా పైకి ఉబికి మెల్లగా దిగుతూ. ఊరు ఊపిరి పీల్చి వదిలినట్లు. దగ్గరికి వెళితే దానిలో చప్పుళ్లు. ముసలివాళ్ల గురకలు, పాలు తాగుతూ నిద్రలో జారిపోయిన బిడ్డల చప్పరింతలు, కలలో నవ్విన ఆడపిల్ల నవ్వు. గట్టుమీద ఒక కొండచిలువ పడి ఉంది. తాటిమానంత లావు. ధూమకర్ణుడు కాపలా పెట్టింది అదే. కాపలా కాయవలసిన సరుకు వాసనకే నిద్రపోయింది.

మంచును దేనిలో పట్టుకెళ్లడం? నీళ్లు తెచ్చుకున్న తిత్తిలో నింపితే కారిపోయింది. గుడ్డలో మూటగడితే గుడ్డ తడిసింది గాని మూట ఖాళీ. ముమ్మడి తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. బండమీద కూర్చుని, పంచె తొడపైకి లాగి, దోసెడు మంచు తీసి తొడమీద పెట్టి అరచేత్తో పేనాడు. మంచు నారలా సాగింది. పురి పడింది.

పురి పడింది గాని కళ్లు మూతపడ్డాయి. తల ఛాతీమీద వాలిపోయింది. తొడకింద వాడిరాయి ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. ఇక అరచెయ్యి కదిలినప్పుడల్లా తొడ కోసుకునేది. పురికొక కోత. అలా పేనాడు. మూడు పురులు తీసి ఒకటిగా మెలిపెడుతూ, బార తర్వాత బార, కళ్లు తెరుచుకునే పేనాడు. కమ్మరుల నిద్ర బరువుగా, ముతకగా వచ్చింది. మహారాజు నిద్రలో చిక్కులెక్కువ. పిల్లల నిద్ర పట్టుదారం. మధ్యలో ఒకచోట వేళ్లకింద గొణుగుడు వినిపించింది. గడియ వేశావా. నార తడవలేదు కదా. ముమ్మడి ఆ పోగును విడిగా తీసి, తెగకుండా, తాడుకు నట్టనడుమ పెట్టి, పైన రెండు వరసలు చుట్టాడు.

తన నిద్ర కూడా చేతికొచ్చింది. జనపనార వాసన కొట్టింది. అప్పటికే అది మెలికలో పడిపోయింది. విప్పితే తాడంతా విప్పాలి. ఆ నిద్ర తాళ్లవీధిలో ఇంటికి వెళుతుంది. అక్కడ తీసుకోవడానికి తను ఉండడు. పొద్దు రెండు తాటిచెట్ల ఎత్తుకు దిగింది. విప్పలేదు.

గుంట అడుక్కు వచ్చేసరికి అతనికి ఒక సంగతి తట్టింది. తట్టవలసిన దానికంటే ఆలస్యంగా తట్టింది. మంచు తరిగేకొద్దీ కాపలాకు మెలకువ వస్తుంది.

కొండచిలువ కన్ను తెరిచింది. ముమ్మడి చివరి దోసెడు పేని ముడివేసి, తొడ కోతల మంట నిద్రను ఆపుతుంటే, తాడు చుట్ట భుజాన వేసుకుని పరుగెత్తాడు. కొండచిలువ అడ్డం తిరిగింది. తోక విసిరితే బండ రెండు ముక్కలైంది. అతను ముక్కల మధ్యనుంచి దూరి, నడుముకున్న నారమోకు తీసి ఒక కొసను రాతిచీలికలో బిగించి, రెండో కొసన ఉరి పన్నాడు. పాము నోరు తెరిచి మీదికొచ్చింది. ఆ నోటి వేడి తగిలేదాకా కదల్లేదు. చివరి క్షణంలో పక్కకు పడ్డాడు. తల ఉరిలోకి దూరింది. ముమ్మడి వేసిన జారుముడి లాగేకొద్దీ బిగుస్తుంది. పాము లాగింది. ఇంకా లాగింది. దానికి లాగడం తప్ప తెలీదు. కొండ అంచు దాటి వేలాడి, కాసేపు కొట్టుకుని ఆగిపోయింది.

అంచునుంచి కిందికి వంగి కేక వేశాడు. కిందినుంచి జవాబొచ్చింది. చూస్తే యువరాజు నిలబడి ఉన్నాడు, అతని పక్కన కొమరన్న, రెండు కాళ్లమీద, భుజాన తుంగకట్టతో. అవ్వ లేదు. చాప లేదు. ఎలా విడిపడ్డారని అడిగాడు. చెప్పడానికి యువరాజుకు సిగ్గేసినట్లుంది, కొమరన్న చెప్పాడు. ముమ్మడి వెళ్లాక యువరాజు చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడట. అవ్వ ఏదో గొణుగుతుంటే విసుగొచ్చి, కొలువులో అన్నట్లే, ఇక నువ్వు వెళ్లవచ్చు, సెలవిచ్చాం అన్నాడట. అవ్వ నవ్వి, చాప వదిలేసి లేచి, నీళ్లమీద నడుచుకుంటూ వెళ్లిపోయిందట. కొమరన్నకు కూడా సెలవిస్తే వేళ్లు ఊడాయట.

"ఆ మాట కాస్త ముందు అనవలసింది దొరా" అన్నాడు ముమ్మడి.

"నాకు ఎవరిదగ్గరా సెలవు తీసుకునే అలవాటు లేదు. ఇచ్చే అలవాటుందని ఇప్పుడే తెలిసింది." యువరాజు చెయ్యి పైకి చాపాడు. "నీకూ ఇస్తున్నాను. దిగిరా."

ముమ్మడి దిగబోయి చూశాడు. అంచు దగ్గర కాలు పెట్టడానికి ఏమీ లేదు. చెయ్యి చాపితే గాలి రాయిలా తగిలింది. సెలవు పోయేవాడికి ముందు ఇవ్వాలి. పోయాక ఇస్తే చెల్లదు.

తాడు కిందికి వదిలాడు. చేత్తో తాకితే పడిపోతారని అరిచి చెప్పాడు. కొమరన్న తుంగకట్టను కావడిలా కట్టి, తాడును దానిమీద చుట్టచుట్టలుగా పడేట్లు పట్టాడు. కొస యువరాజు వేలికి తగిలితే అతను నిలబడే ఒకసారి గురక పెట్టాడు. కొమరన్న చెంపమీద కొట్టి లేపాడు. గరిడీలో తప్ప మరెక్కడా చెయ్యలేని పని అది.

మాచమ్మకు ఏం చెప్పమంటావని కొమరన్న అడిగాడు.

"ఏమీ చెప్పొద్దు. నిద్రపోనీ."

వాళ్లు దిగారు. బోయీ పరుగు తెలిసిన కాళ్లు. కావడి ఊగకుండా, చుట్ట జారకుండా, రాయినుంచి రాయికి. ముమ్మడి కొండకొన మీద నిలబడి చూశాడు. చీమలంత అయ్యారు. గుర్రాలెక్కారు. దుమ్ము లేచింది. పొద్దు కొండలమీద ఆనింది, సగం దిగింది. దుమ్ము కోటవాకిట ఆగింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత సుత్తులు ఆగాయి. పన్నెండు రోజులుగా కొండదాకా వినిపిస్తున్న చప్పుడు, ఒక్కో వీధిలో ఒక్కోసారి, దీపాలు ఆర్పుకుంటూ వచ్చినట్లు ఆగింది. తాళ్లవీధి కాస్త ఆలస్యంగా ఆగింది. అప్పుడతను ఊపిరి వదిలాడు. రేవులో బట్టలు నీళ్లలో తేలుతున్నాయి. బురుజుమీద కాపలావాళ్లు ఈటెలకు ఆనుకుని జారిపోయారు. కోట తలుపులు మూసేవాడు ఒక రెక్క పట్టుకుని దానిమీదే వాలిపోయాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వాకిట్లో రెండు గుర్రాలు, వాటికింద పడి నిద్రపోతున్న ఇద్దరు మనుషులు.

మొత్తం రాజ్యంలో మెలకువగా ఉన్నది ముమ్మడి ఒక్కడే.

గుంట ఖాళీ అయి, మంచు తొలగి, ఇప్పుడు కొండకు అవతలివైపు కూడా కనిపిస్తోంది. అటు తిరిగి చూశాడు. నల్లగవి లోయనిండా మనుషులు. గుడారాలు మడిచి ఉన్నాయి, గుర్రాలకు జీనులు వేసి ఉన్నాయి. అంత సైన్యం ఒక్కనాడు కూడేది కాదు. ఊరికి నిద్ర తిరిగి వచ్చేరోజు కోసం కాచుకుని కూర్చున్నారు. పన్నెండు రోజులు కన్ను మూయని ఊరు ఒకసారి పడుకుందంటే భేరీలు మోగించినా లేవదు. ధూమకర్ణుడు దొంగిలించింది దాచుకోవడానికి కాదు, ఎవరో ఒకరు ఇలా తీసుకెళ్లి ఇవ్వడానికి. డేగలూ పామూ ఎవరికీ అనుమానం రాకుండా పెట్టినవే.

కింద కొమ్ము ఊదారు. మూడు వేలమంది ఒకేసారి కదిలారు. కనుమలోంచి కనకవాడ వాకిలికి నాలుగు గడియల దారి.

కనకవాడవైపు అడుగు పెట్టే వీలు లేదు. ఇటువైపు మాత్రం మేకదారి ఒకటి రాళ్లమధ్య కనిపిస్తోంది. అది తిన్నగా సైన్యం నడుస్తున్న కనుమలోకి దిగుతుంది. పాము మెడకు బిగిసిన మోకును విప్పే వ్యవధి లేదు. నడుముకు చెయ్యేసి చూసుకుంటే మూడు బారల పచ్చినార మిగిలింది, ఒక్క ఉరికి సరిపోయేంత.

తాళ్లవీధిలో మాచమ్మ నిద్రపోతోంది. పన్నెండు రోజులకు పట్టిన నిద్ర. తెల్లవారేదాకా ఎవరూ ఆమెను కదపడానికి వీల్లేదు.

ముమ్మడి నార తీసి దిగుతూనే పేనడం మొదలుపెట్టాడు.